ఊదారంగు విల్లు

లిఫ్టు మెకానిక్‌కి యాభై రెండేళ్ళు వచ్చేదాకా తనకంటూ ఏదైనా కొనుక్కోవాలని అనిపించలేదు. చొక్కాలు భార్య కొనేది. చెప్పులు అరిగిపోతే అచ్చం అలాంటివే ఇంకో జత తెచ్చుకునేవాడు. బావమరిది ఫోను మార్చినప్పుడల్లా పాతది ఇతని చేతికి వచ్చేది. అలాంటి మనిషి ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, గుమ్మంలోనే నిలబడి, "నేనొక విల్లు కొంటాను" అన్నాడు.

భార్య బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తల ఎత్తలేదు.

"కరెంటు బిల్లయితే కట్టేశాను" అంది.

"బిల్లు కాదు. విల్లు. బాణాలు వేసేది."

ఆమె ఇస్త్రీపెట్టెను కాలరు మీద ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తోసింది.

"ఎవరి మీద?" అంది.

అతను చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ఏ విషయమైనా వివరంగా చెప్పడం వాళ్ళింట్లో ఎప్పుడో తగ్గిపోయింది. "ఎవరి మీదా కాదు. ఊరికే" అని బూట్లు విప్పుకున్నాడు.

జరిగిందేమిటంటే, ఆ రోజు ఒక ఆటల భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఇరుక్కున్న వాళ్ళని దింపేశాక మార్చాల్సిన భాగం ఆఫీసు నుంచి రావాలి, అది వచ్చేదాకా చెయ్యగలిగింది లేదు. మంచినీళ్ళ కోసం కింది అంతస్తుకు దిగాడు. అక్కడ పొడుగాటి గది, ఆ చివర గుండ్రాలు గీసిన అట్టలు, ఈ చివర ఒక గీత, గీత మీద నలుగురైదుగురు మనుషులు. వాళ్ళ చేతుల్లో ఉన్నవి అతనికి తెలిసిన విల్లులా లేవు. పైనా కిందా చక్రాలు, చక్రాల మీంచి తీగలు. చక్రమూ తీగా కనబడితే అతను ఊరుకోలేడు. దగ్గరికెళ్ళి చూస్తుంటే, చెవుల దాకా టోపీ లాక్కున్న కోచ్, "లాగుతారా ఒకసారి?" అన్నాడు.

పిల్లలకిచ్చే తేలికపాటి విల్లే అది. లాగడం మొదలుపెట్టగానే అతని కుడిభుజంలో ఎప్పటిలాగే సూది దిగింది. వదిలేద్దామనుకునేలోపు చక్రాలు తిరిగాయి, చేతిలోని బరువు ఒక్కసారిగా జారిపోయింది. అంతసేపు లాగిన బరువులో పావు వంతే మిగిలింది. బరువుతోపాటు నొప్పీ పోయింది. నారి బుగ్గకి ఆనుకుని ఉంది, ఎదురుగా అట్ట నడిబొడ్డున పసుపుపచ్చ గుండ్రం ఉంది, మధ్యలో ఇంకేమీ లేదు. అతను బాణం వదలడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

"వదలండి" అన్నాడు కోచ్.

"ఎందుకు?" అన్నాడు మెకానిక్.

ఆ భుజం సంగతి ఎవరికీ తెలియదు. ఒక వానాకాలంలో లిఫ్టు పెట్టె నెత్తిమీద నిలబడి తీగలకు గ్రీజు పూస్తుంటే కాలు జారింది. కుడిచేత్తో గోడలోని ఇనుప కొక్కెం దొరకబుచ్చుకున్నాడు. ఒళ్ళంతా ఆ ఒక్క చెయ్యి మీద కాసేపు వేలాడింది. తరవాత మళ్ళీ పైకి పాకి, మిగిలిన గ్రీజు కూడా పూసి ఇంటికొచ్చాడు. కంపెనీలో ఒక పద్ధతుంది: ఒంటికి దెబ్బ తగిలిన వాణ్ణి లిఫ్టు గుంతలోంచి తీసేసి కుర్చీలో కూర్చోబెడతారు. గుంతలో అన్నేళ్ళు పనిచేసినా అతనికి ఎత్తంటే భయం లేదు, చీకటంటే భయం లేదు. కుర్చీ అంటే మాత్రం ఉంది. అందుకని నోరు మెదపలేదు. మొదట ఆఫీసులో చెప్పలేదు, ఆఫీసులో చెప్పలేదు కాబట్టి ఇంట్లోనూ చెప్పలేదు.

విల్లు మాట బావమరిది చెవిన పడడానికి ఒక రాత్రి కూడా పట్టలేదు. అతను ఏసీలు బిగించే పని చేస్తాడు. లోకంలో ఏ విద్య అయినా వీడియోలు చూస్తే వచ్చేస్తుందని అతని నమ్మకం. తెల్లారేసరికి విలువిద్య వచ్చేసింది.

"బావా, నువ్వు ఒక్కడివే వెళ్తే నిన్ను ముంచేస్తారు. నేనొస్తాను" అన్నాడు ఫోనులో.

"అక్కర్లేదులే."

"అక్క కూడా వస్తానంది."

మెకానిక్ భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దస్తమానం మనుషుల కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇప్పుడు కనబడుతోందా? ఇప్పుడు?" అని అడగడమే ఆమె పని. ఇంటికొచ్చాక ఎవర్నీ ఏమీ అడగబుద్ధి కాదు ఆమెకి.

"నాకు సెలవే కదా" అంది.

విల్లుల షాపు ఒక టైర్ల దుకాణం మీది అంతస్తులో ఉంది. గది రైలుపెట్టెలా పొడుగ్గా ఉంది. నారికి రాసే మైనం వాసన. గోడల నిండా విల్లులు. బల్ల వెనక తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకున్న ఒకావిడ, కళ్ళజోడు మెడలో గొలుసుకు వేలాడేసుకుని, బాణాలకి ఈకలు అతికిస్తోంది. ఆ షాపు ఆవిడదే. వచ్చినవాళ్ళని చూసి సంతోషించినట్టు కనబడలేదు.

"విల్లు ఎవరికి?" అంది.

"మా బావకి. కానీ నాతో మాట్లాడండి" అన్నాడు బావమరిది.

షాపావిడ మెకానిక్ వైపు తిరిగింది. "మీరు మాట్లాడరా?"

"మాట్లాడతాను."

"మంచిది. వేటకా, గురికా?"

"గురికి. గుండ్రాలకి" అన్నాడు మెకానిక్. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గోడల నిండా చక్రాలూ తీగలూ చూసేసరికి అతనికి సొంతింటికొచ్చినట్టుంది. ఈ చక్రాలు ఎలా పనిచేస్తాయో ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాడు. లిఫ్టుకి ఒక పక్క మనుషుల పెట్టె, ఇంకో పక్క దానికి సరితూగే దిమ్మె, ఇక్కడా అంతే అన్నాడు. షాపావిడ ఒక ఈక అతికించి, అది ఆరేదాకా విని, "ఇందులో దిమ్మె ఎక్కడుంది?" అని అడిగింది. అతను ఒక విల్లును పైనుంచి కిందికి చూశాడు. దిమ్మె లేదు. "చూడాలి" అన్నాడు.

ఈలోగా బావమరిది గోడ మీంచి ఒక విల్లు దించేశాడు. ఒళ్ళంతా ఆకులూ కొమ్మలూ అచ్చేసిన పొట్టి విల్లు.

"ఇది చూడు బావా! దీని వేగానికి బాణం అసలు కంటికే కనబడదట."

"కనబడకపోతే ఎక్కడ తగిలిందో తెలిసేదెట్లా?" అంది అక్క. బావమరిది ఆ మాట చెవిన వేసుకోలేదు.

"అది చెట్లలో దూరి తిరిగేవాళ్ళకి" అంది షాపావిడ. "పొట్టిది కదా, చెయ్యి వణికితే తనూ వణుకుతుంది. ఒకచోట నిలబడి కొట్టేవాళ్ళకి పొడుగు విల్లుండాలి. అది మన తప్పులు కొన్ని కాస్తుంది. అయినా ముందు కొలత తియ్యాలి. కొలత తియ్యకుండా విల్లు... అది వదలకండి!"

ఆ చివరి మాట బావమరిదికి. అతను అప్పటికే ఊపిరి బిగబట్టి నారి చెవిదాకా లాగేశాడు. పాపం, వదలకూడదని తెలిస్తే వదిలేవాడు కాదు.

టైరు పేలినట్టు శబ్దమొచ్చింది. కింద టైర్ల దుకాణం వాళ్ళు కూడా తమదే ఏదో పేలిందనుకుని రోడ్డు మీదికొచ్చి చూశారు. విల్లు ఒక పక్క విరిగిపోయి, నారి ఊడిపోయి, తీగలు వేలాడుతూ బావమరిది చేతిలో ఉంది. మనిషికి మాత్రం ఏమీ కాలేదు.

"బాణం పెట్టకుండా వదలకూడదు" అంది షాపావిడ, గొంతు పెంచకుండా. "బాణం పట్టుకుపోవాల్సిన బలమంతా విల్లు మీదే విరుచుకుపడుతుంది. మీరు చూసిన వీడియోలో చెప్పలేదా?"

"చెప్పే ఉంటారండీ" అన్నాడు బావమరిది. "మొదటి ముక్క దాటేసి చూడడం నాకు అలవాటు." కాస్త ఆగి, "ఇది నేను తీసుకుంటాను లెండి" అన్నాడు.

"తీసుకోక ఏం చేస్తారు?" అంది షాపావిడ.

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమంది. తరవాత టేపు తీసుకుని మెకానిక్ దగ్గరికొచ్చింది.

"చేతులు బార్లా చాపండి. ఈ వేలి చివర నుంచి ఆ వేలి చివరకి ఎంతుందో దాన్ని బట్టి మీరు నారి ఎంత దూరం లాగాలో తెలుస్తుంది. ఒకరి విల్లు ఇంకొకరికి పనికిరానిది అందుకే."

అతను చేతులు చాపాడు. ఎడమచెయ్యి భుజానికి సమంగా లేచింది. కుడిది నడుము దాటి కొంచెం పైకి వచ్చి ఆగింది. టేపు పల్లానికి జారినట్టు ఏటవాలుగా ఉంది.

"కుడిచెయ్యి ఇంకొంచెం పైకి, సార్."

"పైకే ఉంది."

షాపావిడ టేపు వైపు చూసింది. మనిషి వైపు చూసింది. టేపు చుట్టేసింది. "మీరు లాగాలనుకుంటున్నది ఏ చేత్తో?"

"కుడిచేత్తోనే. నాది కుడిచేతి వాటం." అతని మొహం గంభీరంగా ఉంది. "యాభై పౌండ్ల బరువు లాగేది ఇవ్వండి."

"మీ వయసు వాళ్ళు మొదటి విల్లుకి ముప్ఫై, ముప్ఫై అయిదుతో..."

"నేను లిఫ్టులు ఎత్తే మనిషినమ్మా."

ఇది నిజం కాదు. లిఫ్టులని మోటార్లు ఎత్తుతాయి. కానీ భార్య చూస్తోంది, బావమరిది చూస్తున్నాడు. షాపావిడ ఒక విల్లు తీసి, బాణం ఎక్కించి, అతని చేతికిచ్చి, దూరంగా ఉన్న గడ్డిదిమ్మె చూపించింది. అతను లాగాడు. సగం దాకా వచ్చింది. అక్కడ భుజంలోంచి చిటుక్కుమని శబ్దమొచ్చింది. గదిలో అందరికీ వినబడింది. అతను నారిని ఎంత నెమ్మదిగా లాగాడో అంత నెమ్మదిగా మళ్ళీ ముందుకు పోనిచ్చి, విల్లును బల్ల మీద పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది.

"ఇది వద్దు" అన్నాడు. "రంగు బాగాలేదు."

భార్య లేచి అతని దగ్గరికి వచ్చింది.

"ఎప్పటినుంచి?" అంది.

"ఏది?"

"భుజం."

"వానాకాలం నుంచి."

"ఏ వానాకాలం?"

"పోయినదానికి ముందుది."

భార్య కోప్పడుతుందేమో అనుకున్నాడు. అరిచి గీపెడితే ఏం చెప్పాలో కూడా లోపల్లోపల కూడబలుక్కున్నాడు. ఆమె అరవలేదు. చేతిసంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

"అటక మీది పెద్ద పెట్టె దించమంటే ఎన్నాళ్ళయినా దించలేదు మీరు" అంది. "నిద్రలో కూడా అటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. నా మీద కోపం అనుకున్నాను."

"నీ మీద నాకు కోపమెందుకు?"

"అదే నేనూ ఆలోచించాను. చాలా రోజులు ఆలోచించాను. రెండు కారణాలు దొరికాయి కూడా."

"ఏమిటవి?"

"ఇప్పుడెందుకు లెండి."

షాపావిడ వెనక్కి తిరిగి, సర్దే ఉన్న బాణాల్ని మళ్ళీ సర్దింది. బావమరిది చేతులు ఒళ్ళోంచి తియ్యకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చివరికి షాపావిడే, "ఇవాళ మీకు విల్లు అమ్మను. డాక్టరుకి చూపించుకుని రండి. ఆయన వద్దంటే అప్పుడూ అమ్మను" అంది. వచ్చిన బేరాన్ని మెట్లు దిగేదాకా సాగనంపే దుకాణదారుని మెకానిక్ అప్పుడే మొదటిసారి చూశాడు. కొన్నది ఒక్క బావమరిదే, అదీ విరిగింది. అతను దాన్ని వాళ్ళింటి హాల్లో గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళు అడిగితే ఆ విల్లు తన చేతిలో తట్టుకోలేకపోయిందని చెబుతాడు. అబద్ధమేమీ కాదు.

డాక్టరు భుజాన్ని అటూ ఇటూ తిప్పి, లోపలి ఫొటోలు తీయించి, కండరం కొంత చినిగి దానంతటదే అడ్డదిడ్డంగా అతుక్కుందని చెప్పింది. కోత అక్కర్లేదంది. రబ్బరు పట్టీతో కసరత్తు చెయ్యాలి, గుంతల్లో వేలాడే పని మానాలి. "విల్లు?" అని అడిగాడు మెకానిక్, పరీక్ష తప్పిన పిల్లాడిలా. ఆవిడ ఫొటోలు ఇంకోసారి చూసింది. "ఈ చెయ్యి తిన్నగా చాపి తేలికది పట్టుకుంటే, కొన్నాళ్ళయ్యాక, ఫర్వాలేదు. లాగడం మాత్రం ఈ చేత్తో ఎప్పుడూ వద్దు" అంది.

బస్సులో అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. అయిపోయిందనుకున్నాడు. విల్లూ పోయింది, గుంతా పోయింది, మిగిలింది కుర్చీ.

"ఎడమచేత్తో లాగండి" అంది భార్య.

"నాది కుడిచేతి వాటం."

"చెయ్యి సంగతి వదిలెయ్యండి. గురి చూసేది కన్నుతో కదా. మీది ఎడమ కన్ను."

అతను ఆమె వైపు తిరిగాడు. "ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? తలుపు కన్నంలోంచి ఎవరొచ్చారో చూడాలంటే మెడ ఇంతలా తిప్పి మరీ ఎడమ కన్ను ఆనిస్తారు. సూదిలో దారం ఎక్కించినా అంతే. మనుషులకి ఒక కన్ను పెత్తనం చేస్తుంది. మా షాపులో రోజూ చూస్తాను."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరు విల్లు కొంటారని నేను కలగన్నానా?"

బస్సు రెండు స్టాపులు దాటింది. ఆమె, అతను అడక్కుండానే, దొరికిన కారణాల్లో ఒకటి చెప్పింది. తన అమ్మ పోయినప్పుడు ఇంట్లో మనిషి కావాలని అతను సెలవు పెట్టినా తను సరిగ్గా మాట్లాడలేదట, దాన్ని అతను మనసులో పెట్టుకున్నాడేమో అనుకుందట. అతనికి ఆ సెలవు పెట్టినట్టు గుర్తుంది కానీ ఆమె మాట్లాడలేదని గుర్తులేదు. ఆ రోజుల్లో ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది, అందులో ఎవరి నిశ్శబ్దం ఎంతో అతను విడదీసి చూడలేదు. ఆ మాటే చెప్పాడు. రెండో కారణం ఆమె ఆ రోజు చెప్పలేదు, తరవాత కూడా చెప్పలేదు.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్ళి భుజం సంగతి బయటపెట్టాడు. సూపర్‌వైజరు ముక్కున వేలేసుకుని, తిట్టాల్సినవి తిట్టి, అనుకున్నట్టే కుర్చీ ఇచ్చాడు. తిరిగే కుర్చీ. ముందు ఒక ఫోను. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు గోడ మీది మీట నొక్కితే ఆ ఫోను మోగుతుంది, మనిషి వెళ్ళి తీసేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. మెకానిక్‌కి ఇంట్లో నాలుగు మాటలు వరసగా చెప్పడమే గగనం. మొదటి రోజు ఒకాయన లోపల్నుంచి, "ఊపిరాడడం లేదండీ! చచ్చిపోతున్నాను!" అని కేకలు పెట్టాడు.

"చావరు" అన్నాడు మెకానిక్. "పైన చూడండి, జల్లెడలాంటి కన్నాలున్నాయా?"

"ఉన్నాయి."

"గాలి అందులోంచే వస్తుంది. అవి నేనే బిగించాను."

అవతలి మనిషి కుదుటపడ్డాడు. తరవాత ఇద్దరూ ఆ మనిషి పెంచుకునే చిలకల గురించి మాట్లాడుకున్నారు. మనిషి వెళ్ళి తలుపు తీసినా, ఇంకాసేపు మాట్లాడాలని ఉందన్నట్టు ఆయన వెంటనే బయటికి రాలేదట. కుర్చీ అంటే ఇదా అనుకున్నాడు మెకానిక్. గుంత మీద బెంగ పోలేదు గానీ, ఆ ఫోను మోగితే చిరాకు పడడం కూడా అతనికి చేతకాలేదు.

ఎండలు ముదిరే వేళకి డాక్టరు సరేనంది. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ టైర్ల దుకాణం మీది మెట్లెక్కారు. బావమరిది కూడా వచ్చాడు, ఈసారి చేతులు జేబుల్లో పెట్టుకుని.

షాపావిడ ఈసారి కొలత పూర్తిగా తీసి, అతన్ని రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి అందులోంచి తన ముక్కు చూడమంది. ఆ సందులోంచి ఆవిడకి అతని కన్ను ఒక్కటే కనబడింది. "ఎడమ కన్ను" అంది. భార్య కిటికీలోంచి బయటికి చూసింది, ఆ మాట తను ముందే చెప్పానని అనకుండా ఉండడానికి.

ఎడమచేత్తో లాగే విల్లులు షాపులో రెండే ఉన్నాయి. ఒకటి ఎవరో వాడి అమ్మేసింది. నల్లగా, నిగనిగలాడుతూ, పేరున్న పోటీల్లో ఫొటోలకి నిలబడ్డట్టుంది. రెండోది కొత్తదే. ఎవరో పాప కోసం ఆర్డరిచ్చి, ఆ పాప గుర్రపు స్వారీకి మారిపోతే వదిలేసుకున్నారు. అది ఊదారంగు. మామూలు ఊదా కూడా కాదు, వంకాయకి మెరుగు పెట్టినట్టు ఎండ తగిలితే మెరిసే ఊదా.

"నల్లది" అన్నాడు మెకానిక్.

"నల్లదే బావా. హుందాగా ఉంటుంది" అన్నాడు బావమరిది, జేబుల్లోంచి చేతులు తియ్యకుండా.

"నల్లది మీ కొలతకి ఒక అంగుళం ఎక్కువ, తగ్గించడానికి కుదరదు" అంది షాపావిడ. "ఊదాది మీ కొలతకి మార్చొచ్చు, బరువు కూడా కిందనుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు."

"ఒక అంగుళమేగా."

"మీ లిఫ్టు గుమ్మానికి ఒక అంగుళం పైన ఆగితే?"

"జనం తట్టుకుని పడతారు" అన్నాడు మెకానిక్. కానీ చూపు నల్లదాని మీంచి కదల్లేదు.

షాపావిడ ఇక వాదించలేదు. అతన్ని గడ్డిదిమ్మెకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టింది. "కళ్ళు మూసుకోండి. గురి అక్కర్లేదు, ఇక్కణ్ణుంచి తప్పడం ఎవరి వల్లా కాదు. ఒకటి చేతికిస్తాను, నేను చెప్పినప్పుడు లాగి వదలండి. తరవాత రెండోది. రంగు చూడకుండా చెప్పండి ఏది కావాలో."

అతను కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతిలో విల్లు పెట్టింది, ఎడమచేతికి నారిని పట్టుకుని, నొక్కితే వదిలే చిన్న మీట తొడిగింది. లాగాడు. బరువు జారింది, కానీ జారాక కూడా చెయ్యి ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి పోవాల్సి వచ్చింది. మెడ సాగింది, నారి ఎక్కడ ఆనుతుందో తెలియలేదు. వదిలాడు. రెండోది లాగాడు. చక్రాలు తిరిగాయి, బరువు జారిపోయింది, వెనక ఒక గోడ ఉన్నట్టు చెయ్యి సరిగ్గా అక్కడ ఆగింది. నారి బుగ్గకి వచ్చి ఆనింది. కుడిభుజం నెడుతోంది, అంతే. ఏ సూదీ దిగలేదు.

"వదలండి" అంది షాపావిడ.

అతను వదల్లేదు. కాసేపటికి బాణం దానంతటదే వెళ్ళినట్టు వెళ్ళింది.

"రెండోది" అన్నాడు కళ్ళు మూసుకునే.

బావమరిది దగ్గాడు. ఆ దగ్గుతోనే అతనికి సంగతి అర్థమైపోయింది.

"ఊదాదా?" అని భార్యని అడిగాడు.

"ఊదాదే" అంది ఆమె. "మీకు నప్పింది. అబద్ధమెందుకు, రంగు నప్పలేదు. మీరు నిలబడ్డ తీరు నప్పింది."

ఊదా విల్లుతో అతను ఆ ఆటల భవనం కింది గదిలో చేరాడు. మొదట్లో బాణాలు అట్ట మీద ఎక్కడపడితే అక్కడ, అట్ట అవతల కూడా, తగిలేవి. గీత మీద అతని పక్కన నిలబడే రిటైరైన నర్సొకావిడ అతని విల్లు చూసి, "రంగు చాలా బాగుందండీ, ఎక్కడ దొరికింది?" అని అడిగింది. అతను అడ్రసు చెప్పాడు. కొన్నాళ్ళకి అతను రంగు గురించి మర్చిపోయాడు, మిగతా వాళ్ళు కూడా మర్చిపోయారు. భార్య గురి చూడడానికి అతని ఎడమకంటికి వేరే అద్దం కట్టి ఇచ్చింది. సెలవు రోజుల్లో తోడు వచ్చి, మూడు కాళ్ళ దుర్భిణి వెనక కూర్చుని, బాణం ఎక్కడ తగిలిందో చెప్పేది.

"ఎరుపు. కింద, ఎడమకి."

"ఎంత కింద?"

"నా చిటికెన వేలంత."

ఇలా వాళ్ళు గంటలకి గంటలు మాట్లాడుకునేవారు. సంసారం గురించి ఒక్క ముక్క కూడా కాదు.

మొదటి పోటీ బయట, పచ్చిక మైదానంలో పెట్టారు. కొత్తవాళ్ళ వరసలో ముప్ఫైమంది దాకా ఉన్నారు. గాలి ఉంది. మెకానిక్ మొదటి బాణాలు పసుపుకి దగ్గరలోనే పడ్డాయి, దాంతో అతను కొంచెం సంతోషించాడు, సంతోషించగానే మీట మీద బొటనవేలు తొందరపడి ఒక బాణం అట్ట కిందనుంచి గడ్డిలోకి దూరి మాయమైంది. మధ్యాహ్నానికి ఫలితాలు చదివారు. అతని తరవాత ఒకరే ఉన్నారు. ఆయన సగం బాణాలు పక్కవాళ్ళ అట్టకి కొట్టాడు, బాగానే కొట్టాడట.

బావమరిది ఫోను చేసి, "ఎన్నో స్థానం బావా?" అన్నాడు.

"చివరి నుంచి అడుగు" అన్నాడు మెకానిక్.

అందరూ సామాను సర్దుకుంటుంటే అతను పోయిన బాణం వెతకడానికి వెళ్ళాడు. గడ్డి మోకాలెత్తు లేదు కానీ దట్టంగా ఉంది. బాణం గడ్డి కింద పాములా పాక్కుంటూ పోతుంది, పైనుంచి చూస్తే దొరకదు. అతను వంగి, కాళ్ళతో తడుముతూ, ఒక పక్కనుంచి వెళ్తున్నాడు. కాసేపటికి రెండో పక్కనుంచి భార్య కూడా చెప్పులు చేత్తో పట్టుకుని, పాదాలతో తడుముతూ రావడం కనిపించింది. ఇద్దరూ ఎదురుబొదురుగా, నేల చూస్తూ, అడుగులో అడుగేసుకుంటూ దగ్గరయ్యారు.

"ఇదేనా?" అంది ఆమె, ఆగి.

అతను వంగి లాగాడు. గడ్డీ మట్టీ అంటుకుని వచ్చింది. అరచేతిలో దొర్లించి చూశాడు. వంకర పోలేదు. ఒక ఈక మాత్రం ఊడింది.

"ఇదే" అన్నాడు.

"ఇంకొకటి కూడా పోయిందన్నారు, ఆ పక్క అట్ట ఆయనది. పాపం, చివరాయన" అంది భార్య. "అదీ వెతుకుదాం రండి."

అతను బాణం నడుముకున్న సంచిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు, కొంచెం ఎడంగా, పక్క అట్ట వెనకవైపు గడ్డిలోకి నడిచారు.